ఊటీ పూల పండుగ ఒక్క శని ఆదివారాలది కాదు

సంపాదకులకు నమస్కారం.

మే నెల వచ్చిందంటే మన పత్రికల్లో ఊటీ పూల ప్రదర్శన ఫొటో పడుతుంది. కార్నేషన్ పూలతో కట్టిన కోటో, రథమో, దాని ముందు కిక్కిరిసిన జనం. అది చూసి హైదరాబాదులో, కర్నూల్లో, తిరుపతిలో కార్లూ టెంపో ట్రావెలర్లూ బయల్దేరతాయి. అన్నీ ఆ శనివారానికే అక్కడ చేరాలని. ఫొటో కింద నాలుగు మాటలు ఎక్కువ వేస్తే మనవాళ్లకు సగం అవస్థ తప్పుతుంది, ఆ ఊరికీ కాస్త ఊపిరాడుతుంది. ఆ నాలుగు మాటలు ఏవో చెప్పడానికే ఈ ఉత్తరం.

ఫొటోలోని కోట వేరు, తోటలోని పూలు వేరు. కోటకు వాడేవి కోసిన పూలు. చట్రం కట్టి, దానికి నీళ్లలో నానబెట్టిన ఫోమ్ ముక్కలు బిగించి, ఒక్కో పువ్వు కాడను ఏటవాలుగా కోసి గుచ్చుతారు. ఫోమ్‌లో తడి ఉన్నంతసేపే పువ్వుకు ప్రాణం. ఊటీ సుమారు 2,240 మీటర్ల ఎత్తున ఉంది. గాలి చల్లగా ఉన్నా అంత ఎత్తులో ఎండ చురుకు ఎక్కువ. కొద్ది రోజులకే బయటి రేకుల అంచులు గోధుమ రంగుకు తిరుగుతాయి, వాడినవి పీకి కొత్తవి గుచ్చుతూ ఉండాలి. చూడముచ్చటైన పనే, కాదనను. కానీ దాని ఆయుష్షు అంతే.

ఈ ప్రదర్శన జరిగే బొటానికల్ గార్డెన్ అసలు సొత్తు వేల కుండీల మొక్కలు. 19వ శతాబ్దం నడుమ మెకైవర్ అనే తోటల నిపుణుడు రూపు దిద్దిన తోట అది. పూల ప్రదర్శన 1896 నుంచి నడుస్తోంది. మే నెలలో పూయాలంటే చలికాలంలోనే విత్తనం చల్లాలి. ఊటీలో డిసెంబరు, జనవరి నెలల్లో తెల్లవారుజామున మంచు గడ్డకట్టి లేత నారు మాడిపోతుంది. అందుకే సాయంత్రం నారుమీద కొమ్మలూ ఆకులూ కప్పి, పొద్దెక్కాక తీస్తారు. పచ్చికమీద తెల్లవారుతుండగానే నీళ్లు చిమ్మి మంచు కరిగిస్తారు. నారు కుండీల్లోకి మారాక కొనలు గిల్లుతారు. గిల్లితే పక్క కొమ్మలు వేసి మొక్క గుబురు కడుతుంది, పూత కొన్నాళ్లు వెనక్కి జరిగి మే నెలకు అందివస్తుంది. పెట్యూనియా, సాల్వియా, పాన్సీ, డయాంథస్, బెగోనియా, బంతి లాంటి వాటిని మెట్లమెట్లుగా అమర్చేది ఇలా నెలల తరబడి పెంచాకే.

వీటికి వచ్చే గండం వేసవి వాన. పెట్యూనియా రేకు తడిస్తే తడి కాగితంలా ఆకుకు అతుక్కుపోతుంది, మర్నాటికి కుళ్లుతుంది. అందుకే కుండీల మీద ప్లాస్టిక్ కాగితం కప్పడం, రాలిన పూలు ఏరడం, వాడిన పువ్వును కాడతో సహా తుంచడం రోజూ పని. తుంచకపోతే మొక్క గింజ కట్టే పనిలో పడి కొత్త మొగ్గ వేయదు. ఈ సేవ సరిగా జరిగితే కుండీలు ప్రదర్శన ముగిశాక కూడా పూస్తూనే ఉంటాయి. అంటే రద్దీ తగ్గిన మంగళవారమో బుధవారమో, ప్రదర్శన అయిపోయిన వారం తర్వాతో వెళ్లినవాళ్లు కోల్పోయేది కార్నేషన్ కోట ఒక్కటే. తోట అంతా వాళ్లదే. పిల్లలు పూల మడి దగ్గర నిలబడి తీరిగ్గా చూడగలిగేది అప్పుడే. ఈ మాట ఏ పత్రికలోనూ చూడలేదు. పైగా ప్రారంభం రోజున ఊటీ ఉన్న నీలగిరి జిల్లాకు స్థానిక సెలవు ఇవ్వడం రివాజు, ఊరి జనమంతా ఆ రోజే తోటకు వస్తారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో అదే తోటలో రెండో సీజన్‌కు మళ్లీ కుండీలు పెడతారు. దసరా సెలవుల్లో వెళ్లే కుటుంబాలకు అది చక్కగా కుదురుతుంది.

వేసవి పండుగ అంటే ఊటీ ఒక్కటే కాదు కూడా. కోటగిరి నెహ్రూ పార్కులో కూరగాయల ప్రదర్శన, గూడలూరులో సుగంధ ద్రవ్యాలది, ఊటీ రోజ్ గార్డెన్‌లో గులాబీలది, కూనూరు సిమ్స్ పార్కులో పండ్లది, ఇవన్నీ మే నెల పొడుగునా ఒకదాని వెంట ఒకటి జరుగుతాయి. సిమ్స్ పార్కు 1874 నాటిది. చెట్ల నీడలో నడవడానికి బొటానికల్ గార్డెన్ కంటే నాకు అదే నచ్చుతుంది. మనవాళ్లలో చాలామంది కూనూరు మీదుగానే వెళ్తూ అక్కడ ఆగరు.

ఇక దారి సంగతి. 2024 మే 7 నుంచి మద్రాసు హైకోర్టు ఆదేశంతో నీలగిరికి, కొడైకెనాల్‌కు వెళ్లే బండ్లకు ఈ-పాస్, అంటే ఇంటర్నెట్‌లో ముందే తీసుకునే అనుమతి, తప్పనిసరైంది. 2025 ఏప్రిల్ నుంచి జూన్ దాకా నీలగిరికి మామూలు రోజుల్లో 6,000, శని ఆదివారాల్లో 8,000 బండ్లేనని పరిమితి కూడా పెట్టారు. పరిమితి నిండితే మీరు గది ముందే తీసుకున్నా పాస్ రాదు. కనుక ముందు పాస్, తర్వాత గది. ఈ వరస తిప్పేసే టూర్ నిర్వాహకుల వల్ల కుటుంబాలు చెక్‌పోస్టు దగ్గర ఎండలో నిలబడాల్సి వస్తోంది. ప్రభుత్వ బస్సుల్లో, రైల్లో వెళ్లేవాళ్లకు ఈ బాధ లేదు. ఊళ్లో తిరగడానికి సీజన్‌లో సర్క్యూట్ బస్సులు నడుపుతారు. నిబంధనలు ఏటా మారవచ్చు కాబట్టి బయల్దేరే ముందు తమిళనాడు ప్రభుత్వ ఈ-పాస్ వెబ్‌సైట్ చూసుకోవాలి.

సీజన్‌లో కొండ కింది మేట్టుపాళయం నుంచి పైకి కూనూరు మీదుగా, కిందికి కోటగిరి మీదుగా ఒకవైపు రాకపోకలు పెడుతుంటారు. కూనూరులో ఆగాలంటే ఎక్కేటప్పుడే ఆగాలి. బెంగళూరు, మైసూరు మీదుగా వచ్చేవాళ్లు గుర్తుంచుకోవాల్సింది ఇంకొకటి: బండీపుర అడవి దారి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా మూసేస్తారు. సాయంత్రం హైదరాబాదులో బయల్దేరి మర్నాడు వెలుగులో, అడవికి ముందు వచ్చే గుండ్లుపేట దాటేలా లెక్క వేసుకోవాలి. మసినగుడి నుంచి ఊటీకి ఎక్కే కల్లట్టి ఘాట్‌లో 36 హెయిర్‌పిన్ మలుపులున్నాయి. బయటి బండ్లు ఆ దారిన ఎక్కవచ్చుగానీ దిగనివ్వరు. మ్యాప్ దగ్గరి దారి అని చూపించినా గూడలూరు మీదుగానే దిగాలి.

దిగేటప్పుడు మైదానం డ్రైవర్లు చేసే తప్పు బ్రేకు మీద కాలు తీయకపోవడం. పదే పదే తొక్కితే లైనింగు వేడెక్కి పట్టు పోతుంది, ఇంకా వేడెక్కితే బ్రేకు ఆయిల్ మరిగి పెడల్ అడుగుకు దిగిపోతుంది. ఎక్కడానికి ఏ గేరు వాడారో దిగడానికీ అదే గేరు, చాలాచోట్ల రెండోది. న్యూట్రల్ అస్సలు వద్దు. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి అరగంట చల్లారనివ్వాలి. కాగిన బ్రేకు డ్రమ్ము మీద నీళ్లు పోస్తే అది చిట్లే ప్రమాదం ఉంది. టెంపో ట్రావెలర్ యజమానులు ఘాట్ రోడ్డు అలవాటున్న డ్రైవర్నే పంపాలి. పదిహేను మంది ప్రాణాలు అతని కాలి కింద ఉంటాయి.

నీళ్ల సీసాల విషయం కూడా చెప్పాలి. నీలగిరిలో చిన్న ప్లాస్టిక్ నీళ్ల సీసాలు, క్యారీ బ్యాగులు నిషేధం, తనిఖీలో తీసేసుకుంటారు. మనిషికో స్టీలు సీసా పెట్టుకుంటే అక్కడి వాటర్ ఏటీఎంలలో నింపుకోవచ్చు. ఆ అడవుల్లో ఏనుగులు తిరుగుతాయి. మన పులిహోర పొట్లం కట్టిన కవరు, ఉప్పు కారం వాసనతో సహా వాటి కడుపులోకి పోతుంది.

మీకు నా మనవి ఒక్కటే. తేదీలు ప్రకటించగానే, ఏప్రిల్‌లోనే, ఈ ఐదు ప్రదర్శనల తేదీలు, ఆ ఏటి ఈ-పాస్ నిబంధన, బండీపుర గేటు వేళలు ఒక చిన్న పెట్టెలో వేయండి. కార్నేషన్ కోట ఫొటో పడే రోజున పక్కనే, ఇంకో పది రోజులు ఆగి వెళ్లినా తోట పూలతోనే ఉంటుందని రాయండి.

ఇట్లు,
ఒక పాఠకుడు, కోయంబత్తూరు