మా రేకుల షెడ్డు కారడం ఆగింది, బాబాయ్ గారికి కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. పోయిన వారం ఇక్కడ మా షెడ్డు కష్టం చెప్పుకోగానే ఫోన్ చేసి, మర్నాడు పొద్దున్నే స్క్రూలు బిగించే తన సొంత మిషన్ సంచిలో వేసుకుని మా మేడెక్కిన పెద్దాయన కోసం ఇది రాస్తున్నాను. పేరు రాయొద్దన్నారు కాబట్టి బాబాయ్ గారనే అంటాను. విజయవాడ ఆటోనగర్‌లో ఎన్నో ఏళ్లు షెడ్లు వేసిన చెయ్యి ఆయనది.

మేడ మీది ఆ షెడ్డులో అమ్మ రెండు కుట్టుమిషన్లు పెట్టుకుంది. షెడ్డు వేసి మూడు నెలలు కాలేదు, మొదటి పెద్ద వానకే కారింది. పెళ్లివారి పట్టు జాకెట్లు రెండు తడిసి రంగు దిగాయి. ఆ రాత్రి అమ్మ అన్నం ముట్టలేదు. రేకులే మంచివి కావేమో, మళ్లీ కొనాలేమోనని అందరం టెన్షన్ పడ్డాం.

బాబాయ్ గారు రేకుల సంగతి ఎత్తనే లేదు. నిచ్చెనెక్కి స్క్రూ తలలు వేలితో తడిమి, ఒకటి విప్పి నా అరచేతిలో పెట్టారు. తల కింద ఉండాల్సిన నల్ల రబ్బరు వాషర్ చీలిపోయి, అంచులు బయటికి పిగిలి ఉన్నాయి. "ఇంపాక్ట్ డ్రైవర్‌తో బిగించారు కదూ నాన్నా?" అన్నారు. నిజమే, ఫిట్టర్ తెచ్చింది అదే. అది లోపల దెబ్బలు కొడుతూ తిప్పుతుంది. మొండి బోల్టుకు దాన్ని మించింది లేదు గానీ, రేకు మీద ఎక్కడ ఆపాలో చేతికి అందదు. వాషర్ నలిగిపోతుంది, రేకుల కింది పలచటి ఇనుప బాక్సు పైపులో స్క్రూ పట్టే గాడి కొట్టుకుపోతుంది.

ఆయన తెచ్చింది ముందు ముక్కు ఉన్న స్క్రూ గన్. పెట్టుకున్న లోతు రాగానే ముక్కు రేకుకు ఆనుతుంది, లోపలి క్లచ్ టక్కున విడిపోయి స్క్రూ తిరగడం ఆగుతుంది. వేగం 2,500 ఆర్‌పీఎం, అంటే నిమిషానికి అన్ని చుట్లు, దాటదు. జిప్సం బోర్డు గన్ 4,000 దాకా తిరుగుతుంది కాబట్టి, దాంతో తానే రంధ్రం చేసుకుంటూ దిగే ఈ సెల్ఫ్ డ్రిల్లింగ్ స్క్రూ వేస్తే ఇనుములో దిగకముందే మొన మాడిపోతుందట. రెండు మూడు రేకుల పనే అయితే కొత్త గన్ కొనక్కర్లేదనీ, స్పీడు, క్లచ్ మార్చుకునే మామూలు డ్రిల్ మిషన్ చాలనీ, క్లచ్ తక్కువ నంబరు నుంచి పెంచుకుంటూ పోవాలనీ చెప్పారు.

తర్వాత గన్ నా చేతికిచ్చారు. 8 ఎంఎం సాకెట్‌లో స్క్రూ తల నిలిపి, నిటారుగా పట్టుకుని, ఒకే ఒత్తిడితో నొక్కమన్నారు. మెరిసే తీగచుట్టల్లా రజను వస్తే మొన కోస్తున్నట్టు, నల్లగా పొడి రాలితే కాలినట్టు. రబ్బరు ఇనుప వాషర్ అంచుదాకా వచ్చిందంటే ఇక ఆపెయ్యాలి. గాడి పోయిన చోట్ల 5.5 ఎంఎం స్క్రూలు తీసేసి, కాస్త లావైన 6.3 ఎంఎంవి వేయించారు. చివర్లో రజనంతా తానే బ్రష్షుతో ఊడ్చారు, ఉంచితే రేకు మీద తుప్పు మచ్చలు పడతాయట. ఎండలో నాలుగు గంటలు, ఆ వయసులో! డబ్బులు ఇవ్వబోతే చెయ్యి వెనక్కి నెట్టేశారు.

శనివారం రాత్రి వాన దంచింది. అమ్మ ఆ షెడ్డులోనే కూర్చుని పదకొండింటి దాకా కుట్టింది, ఒక్క చుక్క పడలేదు.

బాబాయ్ గారూ, మీ గన్ మా దగ్గరే భద్రంగా ఉంది. ఆదివారం అమ్మా నేనూ తెస్తాం. పిన్నిగారిని అడిగి మీ పాత చొక్కా ఒకటి కొలతకు తెప్పించుకుంది అమ్మ. కొత్తది కుట్టడం అయిపోవచ్చింది, గుండీలే మిగిలాయి.