అక్టోబరు బుకింగుల డబ్బు సగం వెనక్కి

క్లీవ్‌లాండ్ పడమటి వైపున్న మా గాలాల దుకాణానికి వచ్చేవారికి, మాతో నదికి వచ్చినవారికి నమస్కారం.

ముందు డబ్బు సంగతి చెప్పేస్తాను. ఈ అక్టోబరులో స్టీల్‌హెడ్ చేపల కోసం మాతో వచ్చిన పద్నాలుగు కుటుంబాలకూ, కట్టినదానిలో సగం వెనక్కి పంపుతున్నాను. వచ్చే శనివారంలోగా మీ ఖాతాల్లో పడుతుంది. ఎవరూ అడగలేదు. నిలదీసి అడగడానికి అన్ని విధాలా హక్కున్న ఒకాయన కూడా డబ్బు మాట ఎత్తకుండా ఒక్క ప్రశ్న వేసి ఊరుకున్నారు.

భీమవరం నుంచి కూతురి ఇంటికి వచ్చిన పెద్దాయన. చేపల చెరువుల మధ్య పెరిగిన మనిషి. అల్లుడు పుట్టినరోజు కానుకగా మా దగ్గర ఒక పూట బుక్ చేశారు. రాకీ రివర్‌లో మోకాలి లోతు నీటిలో నాలుగు గంటలు నిలబడ్డారు. నీరు గాజులా ఉంది. అడుగున షేల్ రాతి పలకలు ఒక్కొక్కటీ లెక్కపెట్టుకోవచ్చు. బెండు వేసిన ప్రతిసారీ పది అడుగులు పోగానే మునిగేది, ఆయన గబుక్కున కర్ర ఎత్తేవారు, గాలానికి తడిసిన మేపుల్ ఆకు వేలాడుతూ వచ్చేది. పన్నెండో ఆకు తర్వాత ఒడ్డుకు వచ్చి ఫ్లాస్కు మూత తీశారు. ఫోనులో మా బుకింగ్ పేజీ తెరిచి చాలాసేపు చూశారు.

"ఏమయ్యా, ఈ ఫొటోలో నీ వెనకున్న చెట్లకు ఒక్క ఆకూ లేదు. ఇక్కడేమో అడవంతా ఎర్రగా పండి ఉంది. ఇది ఏ నెలలో పట్టిన చేప?"

"ఏప్రిల్‌లో అండీ" అన్నాను.

ఆయన ఇంకేమీ అనలేదు. నాకు కూడా ఓ కప్పు కాఫీ పోశారు. తిట్టి ఉంటే ఆ రాత్రి నిద్ర పట్టేదేమో.

ఆ ఫొటో రెండేళ్లుగా అక్టోబరు బుకింగుల పక్కనే ఉంది. చేప నిజం, పట్టింది నేనే, నది కూడా ఇదే. నెల మాత్రం వేరు. ఆకులు రంగు మారే వారాంతాల్లో జనం ఎక్కువ వస్తారు, ఆ వారాంతాలకే ధర ఎక్కువ పెట్టాను. అప్పుడు నదిలో స్టీల్‌హెడ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టేటన్ని ఉంటాయని తెలిసే పెట్టాను.

ఎందుకు తక్కువో కూడా చెప్పాలి, ఎందుకంటే ఇది ఏటా ఇలాగే ఉంటుంది. మన ఒహాయో నదుల్లోని స్టీల్‌హెడ్ ఇక్కడి చేప కాదు, పసిఫిక్ తీరం నుంచి వచ్చిన జాతి. రాష్ట్ర వన్యప్రాణి విభాగం మిషిగన్‌లోని మానిస్టీ రకం పిల్లలను పెంచి, ఆరు నుంచి తొమ్మిది అంగుళాలున్నప్పుడు వసంతంలో రాకీ, వర్మిలియన్, షగ్రిన్, గ్రాండ్ వంటి నదుల్లో వదులుతుంది. అవి ఈరీ సరస్సులోకి దిగి, రెండు మూడు వేసవులు తిని బలిసి, ఇరవై అయిదు అంగుళాల చేపలై గుడ్లు పెట్టడానికి తిరిగి వస్తాయి. మానిస్టీ రకం స్వభావమే ఆలస్యం. శరదృతువు చివర్లో కొన్ని మొదలవుతాయి, చలికాలమంతా కాసిని వస్తుంటాయి, అసలు జాతర మార్చి, ఏప్రిల్ నెలల్లో. పక్క రాష్ట్రం పెన్సిల్వేనియా వదిలే రకం కొంచెం ముందే కదులుతుంది. అక్టోబరులో మనకు తగిలేవాటిలో దారి తప్పి వచ్చిన ఆ పొరుగు చేపలు కూడా ఉంటాయి. అవి దొరికిన రోజున నేను మహా గైడునైపోతాను, అది వేరే విషయం.

గోదావరి జిల్లాల వారికి ఇంత వివరం అక్కర్లేదు. సముద్రంలో ఉన్నంతసేపూ విలస, ఎర్రనీటికి గోదావరి ఎక్కితే పులస. ఇక్కడా అంతే. నదిలోనే ఉండిపోతే రెయిన్‌బో ట్రౌట్, సరస్సుకు వెళ్లి పెరిగి వస్తే స్టీల్‌హెడ్, జాతి ఒక్కటే. దీనికీ ఎర్రనీరు కావాలి. వాన పడి నది పొంగి, బురద రంగు తిరిగి, మళ్లీ లేత ఆకుపచ్చకు దిగుతున్నప్పుడు చేప లోపలికి వస్తుంది. వాన లేకపోతే నదీముఖం దగ్గరే కాచుకుని కూర్చుంటుంది. ఈసారి ఆ వాన రాలేదు.

నదిలో ఎంత నీరుందో నేను చెప్పనక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. బెరియా ఊరి దగ్గర రాకీ రివర్‌కు అమెరికా భూగర్భ సర్వే సంస్థ కొలమానం ఉంది, లెక్క ఎవరికైనా కనిపిస్తుంది. అది మనం పత్రికల్లో చదువుకునే క్యూసెక్కుల లెక్కే. ధవళేశ్వరం దగ్గర పది లక్షల క్యూసెక్కులకు మొదటి ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు. ఇక్కడ 250 ఉంటే నాకు పండగ. 100 లోపల ఉంటే చేప లేనట్టే. 600 దాటితే నేను మిమ్మల్ని నీళ్లలోకి దింపను. రాతి నేల కాబట్టి ఈ నది ఎంత తొందరగా పొంగుతుందో అంత తొందరగా తీస్తుంది, మూడు నాలుగు రోజుల్లో తేటపడుతుంది. గ్రాండ్ రివర్ అలా కాదు, ఒక్క పెద్ద వానకు వారం పైగా కాఫీ రంగులోనే ఉంటుంది. అందుకే ఆదివారం వాన పడితే బుధవారం రాకీకి, ఆ పై వారం గ్రాండ్‌కు వెళ్లాలి. ముందే క్యాలెండరులో తేదీ రాసేసుకుంటే కుదరని పని ఇది. నేను చేసింది మాత్రం అదే.

ఇక మీదట ఇలా చేస్తాను. అక్టోబరు అంతా స్మాల్‌మౌత్ బాస్ అనే చేప మాత్రమే, 250 డాలర్లు కాకుండా 140. దీన్ని చిన్నచూపు చూడకండి. నీరు చల్లబడుతూ 60 డిగ్రీల ఫారెన్‌హీట్ కిందికి వచ్చే రోజుల్లో బాస్ చలికాలం కోసం కడుపు నింపుకుంటుంది, రొయ్యలాంటి క్రేఫిష్ కనిపిస్తే వదలదు. రెండు పౌండ్ల చేప తగిలినా కర్ర విల్లులా వంగుతుంది. 50 కిందికి దిగాక మందగించి లోతు గుంటల్లో చేరుతుంది. పిల్లలతో వచ్చేవారికి నా ఓటు దీనికే, గంటలకొద్దీ ఎదురుచూపు ఉండదు. స్టీల్‌హెడ్ బుకింగులు నవంబరు మూడో వారం నుంచి. రెండు రోజుల ముందు కొలమానం చూసి ఫోను చేస్తాను. నీరు సరిగా లేకపోతే మీ ఇష్టం, తేదీ మార్చుకుంటారో, డబ్బు మొత్తం తీసుకుంటారో. నాకు నష్టమే. కానీ ఆ కాఫీ ఖరీదు అంతకంటే ఎక్కువ.

ఫొటో తీసేశాను. అదే రోజు పెద్దాయన పట్టిన పన్నెండు ఆకుల్లో ఒకదాని ఫొటో పెడదామనుకున్నాను, మా ఆవిడ వద్దంది.

మ్యాడ్ రివర్‌కు బ్రౌన్ ట్రౌట్ కోసం తీసుకువెళ్లమని కొందరు అడుగుతున్నారు. ఇక్కడి నుంచి రెండున్నర గంటల దారి, భూగర్భ జలం ఊరే నది కాబట్టి ఎండాకాలంలోనూ చల్లగా ఉంటుంది. వసంతంలో తప్పక వెళదాం. శరత్తు చివర్లో మాత్రం తీసుకువెళ్లను. అప్పుడు బ్రౌన్ ట్రౌట్ గుడ్లు పెడుతుంది. గులకరాళ్ల మధ్య ఎవరో చీపురుతో ఊడ్చినట్టు తెల్లగా ఒక చోటు కనిపిస్తే అది గూడు. తెలియక బూటు పెడితే అంతే సంగతులు. పదిమందిని వెంటేసుకుని వెళ్లి ఎవరి బూటు ఎక్కడ పడుతుందో నేను కాపలా కాయలేను.

మూడు వేడర్లు, అంటే నీళ్లలో దిగడానికి వేసుకునే బూట్ల ప్యాంట్లు, కారుతున్నాయని చెప్పినవారికి క్షమాపణలు. అతుకులు వేసి చూశాను, లాభం లేక పారేశాను. కొత్తవి వచ్చాయి, పొట్టి కొలతలూ ఉన్నాయి. ఎరగా వాడే జన మూటలు, అంటే చేపగుడ్ల మూటలు, ఇంతకుముందు బయట కొనేవాణ్ని, పోయిన నెల వచ్చినవి మెత్తబడి వాసన వేశాయి. ఇప్పుడు రాత్రిళ్లు నేనే ఉప్పు పట్టించి వలగుడ్డలో కడుతున్నాను. ధర అర డాలరు పెరిగింది.

పదహారేళ్లు నిండిన ప్రతివారికీ లైసెన్సు ఉండాలి, "అమెరికా చూడటానికి వచ్చిన మామగారు" అన్నా మినహాయింపు లేదు. సరిహద్దు దాటి పెన్సిల్వేనియా వాగులకు వెళితే అక్కడి లైసెన్సుతో పాటు ఈరీ సరస్సు పర్మిట్ కూడా కావాలి. చలికాలంలో ఒహాయోలో మనిషికి రోజుకు రెండు స్టీల్‌హెడ్‌లే, పన్నెండు అంగుళాలకు తక్కువైతే వదిలేయాలి. ఇంటికి తీసుకువెళ్లేవారు ఈరీ చేప ఎన్నాళ్లకొకసారి తినవచ్చో రాష్ట్రం ఇచ్చే సలహా పట్టిక ముందు చూడండి. పులుసు సంగతి అడుగుతూనే ఉంటారు కాబట్టి చెబుతున్నాను, రెండుసార్లు పెట్టాను. చింతపండుకు లొంగే చేప కాదు. వేపుడు నయం.

ఈ ఉదయం బెరియా దగ్గర 84 క్యూసెక్కులు. గురువారం రాత్రి వాన అంటున్నారు. పెద్దాయన డిసెంబరు దాకా ఇక్కడే ఉంటారని అల్లుడు చెప్పారు. వాన పడ్డాక ఫోను చేయాల్సినవారి జాబితాలో ఆయన పేరే మొదట రాసుకున్నాను, ఈసారి రుసుము లేదు.