మేడ మీంచి గుడ్లు పడేయించు, తమ్ముడూ

పాసడేనా, కాలిఫోర్నియా
12 అక్టోబరు 2025

చిరంజీవి తమ్ముడికి అక్క ఆశీస్సులు.

మొన్న ఫోన్‌లో అడిగావు చూడు, తొమ్మిదో తరగతి పిల్లలు న్యూటన్ సూత్రాలు గడగడా అప్పజెబుతున్నారు గానీ వాటితో ఏం పనో వాళ్లకి అందడం లేదు, ఏం చేయించమంటావు అని. దానికి జవాబు ఫోన్‌లో తెమలదని ఉత్తరం రాస్తున్నాను. మీ బడి మేడ మీంచి వాళ్ల చేత కోడిగుడ్లు కింద పడేయించు.

ఇక్కడి బళ్లలో ఇది మామూలే, ఎగ్ డ్రాప్ అంటారు. పిల్లలు ఎవరికి వాళ్లు ఒక పెట్టె తయారుచేసి, అందులో పచ్చి గుడ్డు పెట్టి, ఎత్తు మీంచి వదులుతారు. గుడ్డు పగలకూడదు. మా పెద్దదాని బడిలో పెడితే నేనూ వెళ్లాను. ఒకబ్బాయి మందపాటి చెక్కపెట్టెకి మేకులు కొట్టి తెచ్చాడు. పెట్టెకి గీతైనా పడలేదు, లోపల గుడ్డు చితికిపోయింది. ఆ పక్కనే ఒక పిల్ల పల్చటి అట్టపెట్టెలో మరమరాలు నింపి మధ్యలో గుడ్డు పెట్టింది. పెట్టె మూల నలిగి సొట్టపోయింది, మరమరాలు సగం పిండి అయ్యాయి, గుడ్డు మాత్రం నిక్షేపంగా ఉంది. నాకు కావలసింది ఆ రెండు పెట్టెలూ పక్కపక్కన మీ పిల్లలు కళ్లారా చూడడం.

లెక్క వాళ్ల చేతే బోర్డు మీద కట్టించు. మీ మేడ ఆరు మీటర్లు అనుకుందాం. అక్కణ్నించి పడిన గుడ్డు నేలకి చేరేసరికి గంటకి 39 కిలోమీటర్ల వేగం అందుకుంటుంది. ఏ పెట్టెలో పెట్టినా ఆ వేగం సున్నా కావలసిందే. ఎంత దూరంలో సున్నా అవుతుందన్నదొక్కటే మన చేతిలో ఉంది. ఒక్క మిల్లీమీటరులో ఆగిందా, గుడ్డు మీద పడే సగటు బలం దాని బరువుకి 6,000 రెట్లు. 60 గ్రాముల గుడ్డు మీద 360 కిలోలు మోపినట్టు. అదే 10 సెంటీమీటర్ల మేర నెమ్మదిస్తూ ఆగితే 60 రెట్లు, అంటే మూడున్నర కిలోల పైచిలుకు. చెక్కపెట్టె నలగదు కాబట్టి గుడ్డుకి ఆ దూరం ఇవ్వలేదు. నలిగే పెట్టె ఇస్తుంది.

ఇక్కడ పిల్లలు తొందరపడి ‘అయితే మెత్తగా ఉంటే చాలు’ అంటారు. చాలదు. మరీ మెత్తనిదైతే గుడ్డు దాన్ని చీల్చుకుని అడుగుకి వెళ్లి నేలకే తగులుతుంది. గుడ్డు అడుగు చేరేలోపు వేగమంతా కరిగిపోయేటంత బిగువు ఉండాలి. ఈ కొలత పుస్తకంలో దొరకదు, చేతికే తెలియాలి. ఇంకోటి, పెట్టె ఎప్పుడూ చదునుగా పడదు, మూల మీద పడుతుంది. అడుగున మాత్రమే దట్టంగా నింపిన పెట్టెలన్నీ అక్కడే దెబ్బతిన్నాయి.

సరుకు కోసం అంగడికి పంపకు. తణుకులో లేనిదేముంది? ఊక, వరిగడ్డి, కొబ్బరి పీచు, బూరుగు దూది, మరమరాలు, పాత పేపర్లు. నాకు అన్నిటికంటే ఆశ ఉన్నది అరటి డొప్ప మీద. అడ్డంగా కోసి చూపించు, లోపలంతా గాలి గదులు. నలిగితే మళ్లీ లేవదు. అదీ దాని గొప్ప, ఎందుకంటే స్ప్రింగులా తిరిగి తన్నేది గుడ్డుని మళ్లీ ఎగరేసి రెండో దెబ్బ వేస్తుంది. చంద్రుడి మీద దిగిన అపోలో వాహనాల కాళ్లలో ఇదే పనికి తేనెపట్టు గదుల్లా చేసిన అల్యూమినియం పెట్టారు. దిగేటప్పుడు అది నలిగి దెబ్బని మింగేస్తుంది.

గుడ్లు మోసే లారీలు మీ పిల్లలు రోజూ చూసేవే. 30 గుడ్ల అట్ట ట్రేలు పేర్చుకుని అస్సాం దాకా వెళ్తాయి కదా. ఒక ట్రే తరగతిలో పెట్టి, గుంటకీ గుంటకీ మధ్య ఆ దిమ్మ ఎందుకుందో అడుగు. గుడ్లు ఒకదానికొకటి తగలకుండా పెట్టెలో సర్దే ఉపాయం 1911లో కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో పత్రిక నడిపే జోసెఫ్ కోయిల్‌కి తట్టింది. రైతు పంపిన గుడ్లు హోటలుకి చేరేసరికి పగిలిపోతున్నాయని ఇద్దరికీ గొడవట, అది చూసి కనిపెట్టాడు.

గుడ్డు నిలబెట్టాలా, పడుకోబెట్టాలా అన్నది పిల్లల్నే తేల్చుకోమను. నిలబెడితేనే గట్టి అని మనమంతా అనుకుంటాం. ఇక్కడి ఎంఐటీ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఈ ఏడాదే రెండు రకాలుగానూ వదిలి చూస్తే అడ్డంగా పడినవే తక్కువ పగిలాయి. అడ్డంగా ఉన్నప్పుడు పెంకు కాస్త ఎక్కువ వంగి దెబ్బని ఇముడ్చుకుంటుందట. అయినా నువ్వు ముందే చెప్పేయకు.

నియమాలు కొన్నే పెట్టు. పెట్టె ఏ వైపూ 20 సెంటీమీటర్లు దాటకూడదు, గొడుగులూ పారాచూట్లూ వద్దు, గుడ్డు దక్కిన వాటిలో తేలికైన పెట్టెదే గెలుపు. బరువు నియమం లేకపోతే అందరూ దుప్పట్లు చుట్టి తెస్తారు. గుడ్లు పారేస్తారా అని అమ్మ కోప్పడుతుంది, ఆవిడ మాట నిజమే. కాబట్టి ప్రతి గుడ్డునీ ముందు శుభ్రమైన ప్లాస్టిక్ కవర్లో వేసి మూతి కట్టించు. పగిలినవి వెంటనే అట్టు వేసి పెట్టొచ్చు. మధ్యాహ్న భోజనం గుడ్లు మాత్రం ముట్టుకోవద్దు, నేను డబ్బు పంపుతాను. నేల తాకే క్షణాన్ని ఫోన్‌లో స్లో మోషన్‌లో తీసి తర్వాత అందరికీ చూపించు. మా దగ్గర అసలు పాఠం ఆ వీడియో చూస్తున్నప్పుడే మొదలైంది.

మేమున్న ఊరి అంచునే నాసా వాళ్ల అంతరిక్ష పరిశోధనశాల జెట్ ప్రొపల్షన్ లాబొరేటరీ ఉంది. వాళ్లు 1997 జులై 4న పాత్‌ఫైండర్ నౌకని అంగారకుడి మీద గాలిసంచుల్లో చుట్టి దించారు. మొదటిసారి సుమారు 15 మీటర్ల ఎత్తు ఎగిరి, ఆ తర్వాత కనీసం మరో 15 సార్లు గెంతి ఆగింది, లోపలి యంత్రాలు చెక్కుచెదరలేదు. 2004లో స్పిరిట్, ఆపర్చునిటీ రోవర్లూ అలాగే దిగాయి. 2012లో దిగిన క్యూరియాసిటీ దాదాపు 900 కిలోలు, అంత బరువుని గాలిసంచులు కాయలేవు కనుక రాకెట్లతో గాల్లో నిలిచిన యంత్రం నుంచి తాళ్లతో దించారు. ఇది చెబితే ఊకపెట్టె చేస్తున్న పిల్ల తనది చిన్న పని అనుకోదు.

ఇంతకీ నేనింత పట్టుదలగా ఎందుకు రాస్తున్నానంటే, ఆ పిల్లలు ఇంకో రెండేళ్లలో మోటారు బళ్లెక్కుతారు. హెల్మెట్ పైచిప్ప గట్టిదనం చూసి కొంటారు అందరూ. తలని కాసేది అందులోని థర్మోకోల్ పొర. ఆ రెండు మూడు సెంటీమీటర్లే తల ఆగడానికి దొరికే దూరం. ఒకసారి గట్టిగా నలిగాక ఆ పొర మళ్లీ పొంగదు, ఆ హెల్మెట్ మార్చేయాలి. పొరే లేని టోపీలు రోడ్డు పక్కన అమ్ముతారు, అవి పోలీసుల కోసం తప్ప తల కోసం కాదు. ఐఎస్ఐ గుర్తు, ఐఎస్ 4151 అన్న అంకె చూసి కొనమను. గుడ్ల పోటీ అయిన మర్నాడే ఒక పాత హెల్మెట్ నిలువునా కోసి ఆ పొర వాళ్లకి చూపించు, వేళ్లతో నొక్కి చూడమను. పోయినసారి వచ్చినప్పుడు నీది బండి అద్దానికి వేలాడుతుంటే చూశాను. పిల్లలకి చెప్పబోయే ముందు నువ్వు పెట్టుకో. దవడ కింద పట్టీ కూడా బిగించు, పట్టీ లేని హెల్మెట్ నీకంటే ముందు నేల చేరుతుంది.

పోటీ ఏ రోజో ముందుగా చెప్పు. మీకు ఉదయం 11 అంటే ఇక్కడ ముందురోజు రాత్రి పదిన్నర, నవంబరు మొదటివారం దాటితే తొమ్మిదిన్నర. మేలుకునే ఉంటాను, వీడియో కాల్ చెయ్యి. అరటి డొప్ప పెట్టె ఎవరైనా చేస్తే దాని బరువు రాసి పెట్టు, మా పెద్దది వాళ్ల టీచరుకి చెబుతానంటోంది. అమ్మ మోకాలి నొప్పి ఎలా ఉందో రాయి. మరదలికీ పిల్లలకీ నా ఆశీస్సులు.

మీ అక్క