‘వయసు’ అనేది జబ్బు పేరు కాదు

సంపాదకులకు,

మందస మండలంలోని మా ఊరిలో ఉంటున్న మా అమ్మకు 82 ఏళ్లు. పోయిన వేసవిలో పది రోజుల్లోనే ఆమె పాదాలు వాచిపోయాయి, తిండి సయించలేదు, పగలంతా మగతగా పడి ఉండేది. ఆసుపత్రికి తీసుకువెళితే, ఓపీ చీటీ మీద బలానికి మాత్రలు రాసి, ‘వయసు కదండీ, ఇంతే’ అని పంపించేశారు. అమ్మ కూడా ఆ మాటే నమ్మింది. ‘ముసిలిదాన్నయిపోనాను, నాకింకేటి సేస్తార్రా’ అంది. ముప్పయ్యేళ్లు పిల్లలకు జీవశాస్త్రం చెప్పినవాణ్ని కావడం వల్ల ఆ సమాధానంతో సరిపెట్టుకోలేకపోయాను.

మరొక వైద్యుడు, ఇంట్లో ఉన్న మందులన్నీ తెమ్మన్నారు. అమ్మ బిస్కెట్ల డబ్బాలో దాచుకున్న అట్టలన్నీ బల్ల మీద పరిచి ఒక్కొక్కటీ చదివారు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లోని ఆర్‌ఎంపీ ఇచ్చినదొకటి, మందుల దుకాణంలో అడిగి తెచ్చుకున్నదొకటి, పేర్లు వేరైనా రెండూ ఒకే నొప్పి మందు. వాటికి తోడు రక్తపోటు మాత్ర. ఆ రెండు అట్టలూ పక్కన పెట్టించి, రక్తపరీక్షలు చేయించి, మందు మార్చిన కొన్ని వారాలకు వాపు తీసింది. అమ్మ మళ్లీ పెరట్లోకి నడిచి వెళ్లి మల్లెపాదుకు నీళ్లు పోస్తోంది.

ముసలితనం ఎందుకు వస్తుందన్న ప్రశ్నకు శాస్త్రవేత్తలు ఒకే సమాధానం చెప్పలేదు. మన కణాలు శక్తిని తయారుచేసుకునేటప్పుడు పుట్టే ఫ్రీ రాడికల్స్ (దేనితోనైనా ఇట్టే చర్య జరిపే అణువులు) ఆ కణాలనే దెబ్బతీస్తాయని 1956లో డెన్‌హామ్ హార్మన్ ప్రతిపాదించారు. మనిషి కణాలు ప్రయోగశాలలో సుమారు 50 సార్లు విభజన చెంది ఆగిపోతాయని 1961లో లియొనార్డ్ హేఫ్లిక్, పాల్ మూర్‌హెడ్ చూపించారు. చీర కొంగు చివర ముడులు ఊడితే పోగులు విడిపోయినట్లే, క్రోమోజోముల చివరనుండే టెలోమియర్లు విభజన విభజనకూ అరిగిపోవడం అందుకు ముఖ్య కారణమని తర్వాత తేలింది. శరీరం తన శక్తిని సంతానోత్పత్తికీ, సొంత మరమ్మతులకూ పంచుకోవలసి రావడంతో మరమ్మతు ఎప్పుడూ అరకొరగానే సాగుతుందని 1977లో థామస్ కిర్క్‌వుడ్ వివరించారు. ఇవన్నీ ఏళ్ల తరబడి మెల్లగా పేరుకునే అరుగుదల గురించి చెప్పే సిద్ధాంతాలు. పది రోజుల్లో వచ్చిన పాదాల వాపును ముసలితనం ఖాతాలో వేయడానికి వీటిలో ఏదీ ఒప్పుకోదు.

అమ్మ సంగతి అర్థం కావాలంటే మూత్రపిండాల గురించి చెప్పుకోవాలి. నడివయసు దాటాక మూత్రపిండాల వడపోత శక్తి చాలామందిలో ఏటా కొద్దికొద్దిగా తగ్గుతుంది. మూత్రపిండాలు రక్తంలోంచి వడపోసే వ్యర్థమైన క్రియాటినిన్ కండరాల నుంచి వస్తుంది కాబట్టి, కండ కరిగిపోయిన ముసలివాళ్లలో వడపోత దెబ్బతిన్నా రిపోర్టులో ఆ అంకె మామూలుగానే కనబడవచ్చు. వయసును కూడా లెక్కలోకి తీసుకుని వడపోత రేటు కడితే తప్ప అసలు సంగతి బయటపడదు. చాలా నొప్పి మాత్రలు, మూత్రపిండానికి రక్తం సరిగా అందేలా చూసే ప్రొస్టాగ్లాండిన్లను అణచివేస్తాయి. యువకుడి మూత్రపిండం తట్టుకోగలిగిన ఆ దెబ్బను, ఎండలో నీళ్లు చాలక, పైగా కొన్ని రకాల రక్తపోటు మాత్రలు కూడా వేసుకునే పెద్దల మూత్రపిండం తట్టుకోలేదు. కవిటి, సోంపేట, పలాస, మందస వంటి మండలాల్లో ఇంటింటా కిడ్నీ జబ్బు మాట వినిపించే మన ఉద్దానంలో, ఆ జబ్బుకు మూలకారణం ఇప్పటికీ తేలని చోట, నొప్పి మాత్రలు చీటీ అడగకుండానే చేతిలో పెడుతున్నారంటే నాకు నిజంగా భయమేస్తోంది.

తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోనే వచ్చింది. ప్రభుత్వాసుపత్రుల్లో వృద్ధులకు వేరే వరుస ఉండాలనీ, ప్రతి జిల్లా ఆసుపత్రిలో వారికోసం ప్రత్యేక ఏర్పాట్లు, వాటికి వృద్ధుల వైద్యంలో అనుభవమున్న వైద్యాధికారి ఉండాలనీ అందులోని 20వ సెక్షన్ చెబుతోంది. 70 ఏళ్లు దాటినవారికి ఏటా రూ.5 లక్షల వరకు వర్తించేలా 2024లో ఆయుష్మాన్ భారత్‌ను విస్తరించడం మంచిదే గాని, అది ఆసుపత్రిలో చేరినవారి చికిత్సకు. మా అమ్మకు అవసరమైనదల్లా అట్టలు చదివే ఓపిక ఉన్న వైద్యుడు, ఒక రక్తపరీక్ష.

అందుచేత శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల వైద్యాధికారులకు నా విన్నపం. ప్రతి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో వారానికి ఒక రోజు వృద్ధులకే కేటాయించి, వాడుతున్న మందులన్నీ సంచిలో వేసుకు రమ్మని ముందుగా చెప్పించండి. క్రియాటినిన్ రిపోర్టు మీద వడపోత రేటు కూడా అచ్చయ్యేలా ప్రయోగశాలలకు సూచించండి. పిల్లలు చెన్నైకో హైదరాబాదుకో వలస వెళ్లిన ఇళ్లలో ఒంటరిగా మిగిలిన పెద్దలు ఆటో ఎక్కి అంత దూరం రాలేరు. సచివాలయ సిబ్బంది నెలనెలా పింఛను వాళ్ల గుమ్మం దగ్గరకే తెచ్చి ఇస్తున్నారు కాబట్టి, ఆ రోజే ఏఎన్ఎం కూడా వెంట వెళ్లి రక్తపోటు చూసి, పాదాలు నొక్కి చూసి, మందుల డబ్బా ఒకసారి తెరిపించి రావాలని కోరుతున్నాను.

భవదీయుడు,
విశ్రాంత జీవశాస్త్ర ఉపాధ్యాయుడు,
పలాస, శ్రీకాకుళం జిల్లా