సొర రాకపోవడం కాదు, నేను చెప్పకపోవడం

మా ట్రావెల్స్‌లో కాశీ, గయ, చార్‌ధామ్ తిరిగిన పాత ప్రయాణికులందరికీ నమస్కారం.

శ్రీకాకుళం డే అండ్ నైట్ జంక్షన్ టీ కొట్ల దగ్గర తిరుగుతున్న మాట నిజమే. గ్రేట్ వైట్ షార్క్‌ను, అంటే తెల్ల సొరను, బోటు మీంచి చూపిస్తానని దక్షిణాఫ్రికా తీసుకెళ్లిన 14 మందిలో ఒక్కరికీ అది కనిపించలేదు. టేబుల్ మౌంటెన్, పెంగ్విన్లు, హోటళ్ల విషయంలో ఎవరూ ఏమీ అనలేదు, కాబట్టి వాటి సంగతి వదిలేస్తున్నాను.

కేప్ టౌన్ నుంచి బస్సులో రెండు గంటలకు పైగా వెళ్తే గాన్స్‌బాయ్ వస్తుంది. అక్కడ క్లైన్‌బాయ్ అనే చిన్న రేవులో బోటెక్కాం. సముద్రంలో డయ్యర్ ఐలాండ్, దాని పక్కనే గీజర్ రాక్ అనే రాతి దిబ్బ ఉన్నాయి. ఆ దిబ్బ నిండా వేలకొద్దీ సీల్స్. వాటిని తినడానికే తెల్ల సొరలు వచ్చేవి. బోటు పక్కన ఇనుప బోను కట్టి, చేప ముక్కలు, నెత్తురు కలిపిన నీళ్లు సముద్రంలో పోస్తారు. భావనపాడులో ఎండుచేపల మధ్య పెరిగిన మనవాళ్లు కూడా ముక్కు మూసుకున్నారు. నలుగురు బోనులోకి దిగారు, ఆరుగురు వాంతులు చేసుకున్నారు. చివరికి వచ్చినవి కాపర్ షార్కులు. అవీ పెద్దవే, అందమైనవే. కానీ నేను పోస్టరు మీద వేసిన బొమ్మ వాటిది కాదు.

సొరలు రాకపోవడానికి కారణంగా చెప్పేది ఓర్కాలను, అంటే సొరలను కూడా వేటాడే కిల్లర్ వేల్స్‌ను. వాటి పేర్లు మర్చంట్ నేవీలో చేసిన మన సోంపేట, కవిటి కుర్రాళ్లకు ఇట్టే అర్థమవుతాయి. అక్కడ తిరిగే రెండు ఓర్కాలకు పోర్ట్, స్టార్‌బోర్డ్ అని పేర్లు. ఒకదాని వీపు రెక్క ఎడమకు, రెండోదాని రెక్క కుడికి వాలి ఉంటుంది. ఓడవాళ్ల భాషలో ఎడమ పోర్ట్, కుడి స్టార్‌బోర్డ్. 2017లో గాన్స్‌బాయ్ ఒడ్డుకు చచ్చిన తెల్ల సొరలు కొట్టుకొచ్చాయి. కాలేయం మాయం, మిగతా ఒళ్లు చాలావరకు అలాగే ఉంది. ఓర్కాలు కాలేయం కోసమే వాటిని చంపుతున్నాయని తేలింది. ఆ తర్వాత మిగిలిన సొరలు ఆ చోటు వదిలి పోవడం మొదలైంది. పూర్తిగా మానేశాయని కాదు, కానీ మునుపటిలా రోజూ కనిపించే రోజులు పోయాయి.

ఇదంతా నాకు కేప్ టౌన్‌లో తెలిసింది కాదు. అసలు రాయాల్సింది ఇదే, మూడు రోజులుగా రాసి కొట్టేస్తున్నాను. బయల్దేరడానికి పది రోజుల ముందు, ఓడలో ఇంజనీరుగా చేసే మన పాత ప్రయాణికుడి కొడుకు ఈ ఓర్కాల సంగతి వాట్సాప్‌లో పంపాడు. అది చదివాక నిద్ర పట్టలేదు. వెంటనే విశాఖలోని మా ఏజెంటుకు ఫోన్ చేశాను. "ఏం టెన్షన్ పడకండి సార్, సీజన్‌లో వెళ్తున్నారు, నూటికి నూరుపాళ్లు కనబడుతుంది" అన్నాడు. ఆయన ఇచ్చిన ఫొటోలు ఎప్పటివో నేను అడగలేదు. అప్పటికే వీసాలు వచ్చేశాయి. టికెట్లు రద్దు చేస్తే పైసా వెనక్కి రాదు. పైగా జిల్లాలో ఇలాంటి ట్రిప్పు మొదట వేసింది నేనేనని నలుగురికీ చెప్పుకున్నాను. ఆ రాత్రి ప్రయాణికుల గ్రూపులో మెసేజ్ టైప్ చేసి, చెరిపేశాను. మళ్లీ టైప్ చేశాను. తెల్లారి లగేజీ బరువు ఎంత ఉండాలో మాత్రం పంపాను.

తిరుగు విమానంలో మా మాస్టారు నా పక్క సీట్లో కూర్చున్నారు. నాతో ఆయనకది ఏడో యాత్ర. "బాబూ, సొర రాకపోతే అది నీ తప్పు కాదు. నీకు ముందే తెలుసా, అదొక్కటి చెప్పు" అన్నారు. తెలుసన్నాను. ఆయన తల తిప్పి కిటికీలోంచి చూస్తూ కూర్చున్నారు. విశాఖలో దిగేదాకా మళ్లీ మాట్లాడలేదు. పదహారేళ్ల వ్యాపారంలో నన్ను ఎవరూ అంత మాట అనలేదు. నిజానికి ఆయన అన్నదేమీ లేదు కూడా.

ఏజెంటును డబ్బు అడిగితే, "కనిపిస్తుందని హామీ లేదు" అని కాగితం వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న వాక్యం చూపించాడు. బోటువాళ్లు మాత్రం మర్యాదస్తులు, మళ్లీ వస్తే ఉచితంగా ఎక్కించుకుంటామని తలకో చీటీ ఇచ్చారు. అరసవల్లి నుంచి గాన్స్‌బాయ్‌కి ఆటో ఉంటే అది పనికొచ్చేది.

అందుకని బోటు రోజు ఖర్చు తలకు 13 వేలు నేనే తిరిగిస్తున్నాను. వద్దన్నవాళ్లకు కూడా ఇస్తాను, దయచేసి వాదించొద్దు. రెండో బ్యాచ్‌కు అడ్వాన్సు కట్టిన 9 మందీ కారణం చెప్పకుండానే డబ్బు వెనక్కి తీసుకోవచ్చు. ఆ ఏజెంటుతో లావాదేవీలు ఆపేశాను. కొందరు మెక్సికో అడుగుతున్నారు. అక్కడి గ్వాడలూపే దీవిలో సొరలు చూసే టూర్లను ఆ ప్రభుత్వం 2023లో నిషేధించింది. ఆస్ట్రేలియాలో నెప్ట్యూన్ దీవులున్నాయి గానీ ఆ ఖర్చు మన బేరం కాదు.

దక్షిణాఫ్రికా ట్రిప్పు మాత్రం ఆపను. ఎవరేమన్నా సరే. ఈసారి పోస్టరు మీద సొర బొమ్మ ఉండదు, టేబుల్ మౌంటెన్ ఉంటుంది. బోటు ఎక్కాలనుకునేవాళ్ల దగ్గర ఈ ఓర్కాల కథ చెప్పాకే డబ్బు తీసుకుంటాను. కార్తీకంలో కాశీ బస్సు ఎప్పటిలాగే బయల్దేరుతుంది.

డబ్బు కోసం వచ్చేవాళ్లు బ్యాంకు పాస్‌బుక్ జిరాక్సు తెస్తే చాలు. మంగళవారం ఆఫీసు సెలవు. ఇక "సొర కోసం ఆఫ్రికా ఎందుకు, భావనపాడు వెళ్తే కూర కూడా దొరికేది" అన్న జోకు నేను ఇప్పటికి పదకొండుసార్లు విన్నాను. పన్నెండోసారి చెప్పేవాళ్లకు టీ ఇవ్వను.