ఫస్ట్ బస్సు దిగిన పిల్లకు అందే స్టేడియం కావాలి

రాష్ట్ర క్రీడా శాఖ మంత్రి గారికి,

నమస్కారం. వరంగల్‌కు పెద్ద స్టేడియం కావాలన్న మాట మొదలైతే చాలు, హనుమకొండ చాయ్ హోటళ్లలో పంచాయితీ తెగదు. ఒకాయన నలభై వేల సీట్లంటాడు, ఇంకొకాయన ఐపీఎల్ మ్యాచ్‌లంటాడు. నేను సర్కారు బడుల్లో పీఈటీగా పనిచేసి రిటైరైన వాణ్ణి. మొరం గ్రౌండ్లలో సున్నంతో లైన్లు గీసీ గీసీ నడుం పట్టేసింది కాబట్టి, నాకూ ఒక మాట చెప్పే హక్కుందనుకుంటాను.

సీట్ల లెక్క తర్వాత చూద్దాం సార్. పొద్దున ఐదున్నరకు అక్కడికి ఎవరు చేరగలరో ముందు చూడండి. నా దగ్గర పరుగెత్తిన పిల్లల్లో సగానికి పైగా ఊళ్ల నుంచి వచ్చినవాళ్లే. 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగులో, మేధో వైకల్యం ఉన్నవాళ్ల టీ20 విభాగంలో కాంస్యం తెచ్చిన జీవాంజి దీప్తిది పర్వతగిరి మండలం కల్లెడ. అదే ఏడాది జపాన్‌లోని కోబెలో 55.07 సెకన్లలో పరుగు ముగించి ప్రపంచ రికార్డు కొట్టింది. అలాంటి ఇళ్లలో కార్లుండవు. 2023 డిసెంబర్ 9 నుంచి ఆడపిల్లలకు పల్లె బస్సుల్లో టికెట్ లేదు, మంచిదే. కానీ జాగ చవకగా వస్తుందని స్టేడియాన్ని ఔటర్ రింగ్ రోడ్డు అవతల కడితే, బస్టాండ్ నుంచి ఆటో కిరాయి ఎవరిస్తారు? చీకటితో ఏ తల్లి ఆ ఆటో ఎక్కిస్తుంది?

జాగ గురించి ఇంకో భయం కూడా ఉంది. సర్కారు భూమి వెతకమంటే చూపు ముందు చెరువు శిఖం మీదికే, అంటే వానాకాలంలో నీళ్లు నిలిచే జాగ మీదికే పోతుంది. ఎండాకాలంలో చదునుగా, గ్రౌండ్ కోసమే పుట్టినట్టు కనిపిస్తుంది మరి. 2020 ఆగస్టులో, 2023 జులైలో నీళ్లు ఎంతెత్తు వచ్చాయో కాలనీల గోడల మీద మరకలే చెప్పాయి. రెండోసారైతే భద్రకాళి చెరువు కట్టే తెగింది. సింథటిక్ ట్రాక్ కిందికి నీళ్లు చేరితే పొర ఉబ్బి లేస్తుంది. ఇక అది పరుగుకు పనికిరాదు.

డిజైన్ మాటకొస్తే, క్రికెట్టూ అథ్లెటిక్సూ ఒకే దాంట్లో పెడదాం, ఖర్చు కలిసొస్తుందనే పెద్దలున్నారు. 400 మీటర్ల ట్రాక్ లోపల మిగిలే జాగ వెడల్పు సుమారు 73 మీటర్లు. అంతర్జాతీయ క్రికెట్‌కు పిచ్ మధ్య నుంచి బౌండరీ దాకా ఒక్కో పక్కే కనీసం 59 మీటర్లు కావాలి. టేపు పట్టుకున్న ఎవరైనా చెబుతారు, కుదరదని. క్రికెట్ స్టేడియం ఊరి బయట కట్టుకోండి, ఏడాదికి రెండు మ్యాచ్‌లకు జనం ఎలాగోలా వస్తారు. రోజూ ప్రాక్టీస్ చేసే ట్రాక్ మాత్రం ఊళ్లోనే ఉండనివ్వండి. హనుమకొండ జేఎన్ (జవహర్‌లాల్ నెహ్రూ) స్టేడియాన్ని పాత సామాను కింద లెక్కేయకండి. 2021 సెప్టెంబర్‌లో 60వ జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి. హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లు 4 నిమిషాల 5.39 సెకన్లలో పరుగెత్తి, 2002 నాటి జాతీయ రికార్డును మన ట్రాక్ మీదే చెరిపేసింది.

ఒక గ్రౌండ్ సంగతి చెబుతాను, పేరెందుకు. ముందురోజు అక్కడ మీటింగ్ జరిగింది. తెల్లారి మేం వెళ్లేసరికి మూడో లైన్‌లో షామియానా గూటాలు దిగిన గుంతలు, చుట్టూ వాటర్ ప్యాకెట్లు. వాచ్‌మన్ ఏడింటికి గానీ రాడు కాబట్టి పిల్లలు గేటు దూకి వచ్చారు. తొమ్మిదో తరగతి పిల్ల మసక వెలుతురులో ఆ గుంతలో కాలేసింది. చీలమండ బూరెలా వాచింది. జిల్లా మీట్ పది రోజుల్లో ఉంది. మంచు గడ్డ కోసం నేను సోడా బండి దగ్గరికి పరుగెత్తాను. తిరిగొచ్చేసరికి తోటి పిల్లలు చున్నీలు అడ్డం పట్టి ఆమెకు బట్టలు మారుస్తున్నారు. గది ఉంది, దానికీ తాళమే.

అందుకే టెండర్ పిలవకముందే ప్లాన్‌ను తెలుగులో, కొలతలతో సహా కార్పొరేషన్ ఆఫీసు బయట అంటించమని అడుగుతున్నాను. బస్సు ఎక్కడ ఆగుతుందో, ఆడపిల్లల గది ఎక్కడో, మీటింగులకు ఇవ్వబోమన్న షరతు ఉందో లేదో అందులో కనిపించాలి. పొద్దున ఐదింటికి గేటు తాళం ఎవరి దగ్గర ఉంటుందో కూడా రాయించండి.

ఇట్లు,
ఒక రిటైర్డ్ పీఈటీ, హనుమకొండ