గిటారు కొనేముందు స్కేల్ లెంగ్త్ కొలవండి

సంపాదకులకు నమస్కారం.

ఎలక్ట్రిక్ గిటారు ఎంపికపై మీ పత్రికలో వచ్చిన వ్యాసం ధర, కంపెనీ, పికప్‌ల (తీగ కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చే భాగాల) గురించి వివరంగా చెప్పింది గానీ, వాయించే చేతికి అన్నిటికంటే ముందు తెలిసే స్కేల్ లెంగ్త్ ఊసే ఎత్తలేదు. ఒకే కచేరీలో తెలుగు, ఒడియా పాటలు వాయించే మా బరంపురం, పర్లాకిమిడి ఆర్కెస్ట్రాల వారికి ఇది చిన్న లోటు కాదు.

మెడ పైచివర తీగలు ఆనే నట్‌కూ, గిటారు ఒంటిమీద అవి ఆనే బ్రిడ్జికీ మధ్య తీగ మోగే పొడవే స్కేల్ లెంగ్త్. బ్రిడ్జి దగ్గర ఒక్కో తీగకు కొద్దిపాటి సవరణ ఉంటుంది కనుక, నట్ నుంచి పన్నెండో ఫ్రెట్ (మెడ మీది అడ్డ లోహపు పట్టీ) దాకా టేపు పెట్టి కొలిచి రెట్టింపు చేయడమే సరైన పద్ధతి. 1954లో వచ్చిన ఫెండర్ స్ట్రాటోకాస్టర్‌కు ఇది 25.5 అంగుళాలు, 1952 నాటి గిబ్సన్ లెస్ పాల్‌కు కంపెనీ లెక్కన 24.75. ముప్పావు అంగుళమే కదా అనిపించవచ్చు. కానీ తీగ, శ్రుతి మారనప్పుడు బిగువు పొడవు వర్గాన్ని అనుసరిస్తుంది కాబట్టి, పొట్టి గిటారు మీద అది సుమారు ఆరు శాతం తగ్గుతుంది. గాయకుడి గొంతు కోసం అర స్వరం దించితే మరో పదకొండు శాతం పోతుంది. అప్పటికే 9 గేజ్ తీగలుంటే (అన్నిటికంటే సన్న తీగ మందం 0.009 అంగుళం) లావు తీగ ఫ్రెట్లకు తగిలి గరగరలాడుతుంది. అది పికప్ లోపమనుకుని వేలు పోసి మార్పించుకుంటున్న కుర్రాళ్లను చూస్తే జాలేస్తుంది. 10 గేజ్ సెట్టు వేస్తే సన్న తీగ బిగువు దాదాపు 23 శాతం పెరుగుతుంది. పిమ్మట నెక్ (గిటారు మెడ) వంపు సరిచూపించుకుంటే చాలు.

పికప్ మార్చాల్సిన సందర్భం వేరే ఉంది. మండపంలో సీరియల్ బల్బులు, డిమ్మర్లు పక్కనే ఉన్నప్పుడు సింగిల్ కాయిల్ (ఒకే రాగితీగ చుట్ట ఉన్న పికప్) కరెంటు రొదను లాక్కుంటుంది. వాయించే మనిషి కాస్త పక్కకు తిరిగితే ఆ ఝుంకారం తగ్గడం ఎవరైనా గమనించవచ్చు. గిబ్సన్ ఇంజనీరు సేథ్ లవర్ 1955లో పేటెంటుకు దరఖాస్తు చేసిన హంబకర్ పికప్‌లో రెండు కాయిళ్లను విద్యుత్ పరంగా వ్యతిరేక దిశల్లో కలుపుతారు, వాటి అయస్కాంత ధ్రువాలు కూడా ఒకదానికొకటి వ్యతిరేకంగా ఉంటాయి. అందువల్ల రొద రద్దయి తీగ నాదం మాత్రం కలిసి వస్తుంది. నాదంలో మెరుపు కొంత తగ్గే మాట నిజమే, మెలొడీ పాటలకు నేను ఇప్పటికీ సింగిల్ కాయిల్‌కే ఓటేస్తాను. అయితే దాన్ని తీగలకు మరీ దగ్గరగా ఎత్తితే అయస్కాంతం తీగను లాగి, పై ఫ్రెట్లలో శ్రుతి చెడగొడుతుంది.

ఇకపై గిటార్లను పోల్చే వ్యాసాల్లో ధర పక్కనే స్కేల్ లెంగ్త్‌ను, కంపెనీ వేసి పంపే తీగల గేజ్‌ను కూడా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
బరంపురం, గంజాం జిల్లా, ఒడిశా